మంగళవారం హాజరు

నాకు కోపం ఎక్కువ. దాచుకోవడానికేమీ లేదు, బళ్ళారి బ్రూస్‌పేటలో ఎవరినడిగినా చెబుతారు. నా కోపం తగ్గాలని మా పాస్టరుగారు వరసగా మూడు ఆదివారాలు ప్రార్థన చేయించారు. మూడో ఆదివారం ప్రార్థన మధ్యలో ఎవరో దగ్గితే నేను తిరిగి చూసిన చూపుకు ఆయన ఆ ప్రయత్నమే మానుకున్నారు. అయితే పందొమ్మిది వందల యాభై అయిదు జూలైలో ఆ బుధవారం నాడు నాకు కోపం లేకపోతే యల్లప్ప ఈపాటికి జైల్లో రాళ్ళు కొడుతూ ఉండేవాడు. ఆ కోపం వల్లనే అతను జైలుకు పోవాల్సింది కూడా! రెండూ నిజమే. చెబుతాను, వినండి.

నా పేరు జ్ఞానకుమారి. మిషను ఆస్పత్రిలో పదమూడేళ్ళు నర్సుగా చేసి మానేశాను. మా ఆయన కృపానిధీ నేనూ కలిసి, పత్తి మిల్లు వాళ్ళు వదిలేసిన ఒక పాత గోదాము అద్దెకు తీసుకున్నాం. దాన్ని జనం జ్ఞానక్క కొట్టం అంటారు. జైలు నుంచి విడుదలైతే సొంత ఇంట్లోనే గడప తొక్కనివ్వని వాళ్ళు, నల్లమందుకు అలవాటు పడి రైలు స్టేషన్లో గూడ్సు షెడ్డు కింద పడుకునేవాళ్ళు, పని ఇప్పిస్తామని తీసుకొచ్చి అమ్మేస్తే తప్పించుకొచ్చిన ఆడపిల్లలు, అందరూ అక్కడికే చేరతారు. ఆడవాళ్ళు ఈ పక్క, మగవాళ్ళు ఆ పక్క, మధ్యలో నా మంచం. కొట్టానికి ఒకటే నియమం. లోపల ఎవరున్నదీ నా నోటి నుంచి బయటికి పోదు. పోలీసులడిగినా పోదు, మొగుడడిగినా పోదు, కన్నతల్లి అడిగినా పోదు. ఆ మాట ఇస్తేనే సగం మంది లోపలికి అడుగు పెడతారు.

ఇక యల్లప్ప. అతనూ మా కొట్టంలో ఉండేవాడే. అతని కులం మొత్తాన్నీ తెల్లదొరల కాలంలో దొంగల జాతి అని పుస్తకంలో రాసేశారు. ఏం చేశారయ్యా అంటే, పుట్టారు! అదే నేరం. పదహారో ఏట యల్లప్ప పది వేళ్ళ ముద్రలూ తీసుకున్నారు. అప్పటి నుంచి రోజూ దీపాలు పెట్టే వేళకు ఠాణాకు పోయి హాజరు చెప్పాలి. పక్క ఊరికి పోవాలంటే చీటీ తీసుకోవాలి. యాడికి, ఎందుకు, ఎప్పుడొస్తావు? పెళ్ళికి పోయినా చీటీయే, చావుకు పోయినా చీటీయే. ఆ చట్టాన్ని ప్రభుత్వం ఎత్తేసి మూడేళ్ళయింది. కాని యల్లప్ప పోవడం మానలేదు. రోజూ సాయంత్రం ఠాణా ముందు చేతులు కట్టుకుని నిలబడేవాడు. మొదట్లో వాళ్ళు పొమ్మన్నారు. తర్వాత, ఎటూ వచ్చాడు కదా అని నీళ్ళు మోయించారు, వాకిలి ఊడ్పించారు, కట్టెలు కొట్టించారు. పైసా లేదు. ఊరికే వెట్టి.

"చట్టం పోయిందప్పా! పిలవకుండానే పోయి నిలబడతావేంది, నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను.

"పోయిందని నాకెవురూ చీటీ ఇయ్యల్యా గదక్కా," అన్నాడు.

నెత్తి కొట్టుకున్నాను. హాజరు చెప్పకపోతే అతనికి నిద్ర రాదట. గుండె దడదడలాడుతుందట, ఎవరో వచ్చి తలుపు బాదుతున్నట్టు ఉంటుందట. చివరికి విసుగెత్తి బజారుకు పోయి ఒక లావుపాటి నోటుబుక్కూ, ఇంకు అద్దే డబ్బీ కొనుక్కొచ్చాను. "ఆ వేలిముద్ర ఏదో ఇకమీద నాకే వెయ్యి. ఠాణా దిక్కు పోయినావంటే కాళ్ళిరగ్గొడతా," అన్నాను. ఆ రోజు నుంచి సాయంత్రం నా ముందుకొచ్చి ముద్ర వేసి, హాయిగా నిద్రపోయాడు. అక్కడితో అయిందా? లేదు. పది రోజుల్లో కొట్టంలో అందరూ మాకూ హాజరు కావాలన్నారు! ఆడవాళ్ళు కూడా కొంగుకు వేలు తుడుచుకుంటూ వరసలో నిలబడ్డారు. మనం ఈ పొద్దు ఉన్నామని ఒకరు రాసుకుంటే బాగుంటుందంట. ఇది ఇల్లా, ఠాణానా అని నేను గొణుక్కుంటూనే రోజూ తేదీ వేసి గీత గీసేదాన్ని.

మే నెల చివర్లో కురుగోడు నుంచి ఒక జట్కా వచ్చి ఆగింది. ముఖానికి తువ్వాలు చుట్టుకుని ఇరవై ఎనిమిదేళ్ళవాడు దిగాడు. ఇంద్రసేన. కురుగోడులో నూటయాభై ఎకరాల రెడ్ల ఇంటి ఒక్కగానొక్క కొడుకు. తండ్రి లేడు, తల్లి యశోదమ్మే వ్యవసాయమంతా నడుపుతుంది. కడుపునొప్పికని మొదలుపెట్టి మూడేళ్ళుగా నల్లమందు తింటున్నాడు. పత్తి బేరానికి హుబ్బళ్ళి పోతున్నానని తల్లితో చెప్పి నా దగ్గరికొచ్చాడు. లోపలికి రాకముందే నా చేత బైబిలు మీద ఒట్టు వేయించుకున్నాడు, పేరు బయటపెట్టనని. వేశాను.

మందు రోజుకు కొంచెం కొంచెం తగ్గిస్తూ వచ్చాను. అయినా ఒళ్ళు ఊరుకుంటుందా? ఆవలింతలు, ముక్కు కారడం, కాళ్ళు ఈడ్చుకుపోవడం, వాంతులు. అతన్ని ఎవరు చూసుకున్నారనుకుంటున్నారు? యల్లప్ప! నేను చెప్పలేదు. తనే పోయి పక్కన కూర్చున్నాడు. ఇంద్రసేన మొదట్లో అతన్ని ముట్టుకోనివ్వలేదు. హాజరు పుస్తకం చూపిస్తే, "నేనేమన్నా దొంగనా?" అని ముఖం తిప్పుకున్నాడు. జూన్ మొదటి మంగళవారం నాడు ఏమనిపించిందో ఏమో, సాయంత్రం అందరూ ముద్రలు వేస్తుంటే, "నాదొక్కటే ఎందుకు లేదు?" అని పుస్తకం లాక్కున్నాడు. వేలిముద్ర వేయడానికి చదువు అడ్డమొచ్చింది కాబోలు, యల్లప్ప ముద్ర కింద ఇంగ్లీషులో గొలుసుకట్టు సంతకం చేశాడు. ఆ రోజు మిగిలిన మందు కూడా పూర్తిగా ఆపేశాం. ఇంకో వారం ఉండి ఇంటికి పోయాడు.

అదే మంగళవారం పొద్దుగూకినాక కురుగోడులో యశోదమ్మ కళ్ళం పక్కన, నేలలో తవ్విన జొన్నల పాతర ఎవరో తెరిచి పద్నాలుగు మూటలు ఎత్తుకుపోయారు. ఆమె ఫిర్యాదు ఇచ్చింది. పోలీసులు ఏం చేశారు? పాత జాబితా తీశారు. కురుగోడు చుట్టుపక్కల పుట్టినవాళ్ళలో యల్లప్ప పేరు కనబడింది. బస్టాండు దగ్గర టీ తాగుతున్నవాణ్ణి గ్లాసుతో సహా పట్టుకుపోయారు.

నెల తర్వాత, జూలైలో ఆ బుధవారం కోర్టు తెరిచేసరికి హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని ముందు బెంచీ మీద కూర్చున్నాను. నా గుండె ఎగిరెగిరి పడుతోంది. భయంతో కాదు, సంతోషంతో! ఋజువు నా చంకలోనే ఉంది కదా! ఆ సాయంత్రం యల్లప్ప బళ్ళారిలో నా ముందు ముద్ర వేశాడు. కురుగోడు పదహారు మైళ్ళు. మనిషి ఎగిరిపోయాడా? వకీలును కూడా పెట్టుకోలేదు. వకీలెందుకు, నేను లేనా అనుకున్నాను. చూశారా నా తెలివి!

పోలీసుల తరఫు వకీలు పుస్తకం అటూ ఇటూ తిప్పి నవ్వాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఈ ముద్ర ఆ రోజే వేశాడని ఏమిటమ్మా నమ్మకం? తర్వాత ఎప్పుడో కూర్చోబెట్టి వేయించి ఉండొచ్చు కదా?"

"పైనా కిందా వేరేవాళ్ళ ముద్రలు ఉండాయి. కళ్ళు కనబడల్యా?"

"ఎవరు వాళ్ళు? జైలుకు పోయొచ్చినవాళ్ళూ, గంజాయివాళ్ళూనా?" అని మేజిస్ట్రేటు వైపు తిరిగాడు. "ఈ పేజీలో తొమ్మిది వేళ్ళూ ఒకే రకం వేళ్ళు స్వామీ. ఏ ఒక్కటీ సాక్ష్యానికి పనికిరాదు, వీళ్ళను సాకే ఈమె మాట కూడా."

మేజిస్ట్రేటు శివరామకృష్ణయ్యగారు చెడ్డమనిషి కాదు. కాని రూలంటే రూలే. కళ్ళజోడు పైకి తోసి పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు.

"ఇక్కడొక సంతకం ఉందే! యల్లప్ప ముద్ర మీదికి కొంచెం ఎక్కింది కూడా. అంటే ముద్ర ముందు పడింది, సంతకం తర్వాత పడింది. చదువుకున్న చెయ్యి, కాని పేరు చదవడానికి రావడం లేదు. ఎవరమ్మా ఈయన? ఈయనొచ్చి అవునంటే కేసు తేలిపోతుంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, నెల్లాళ్ళుగా ఆ పేజీ రోజూ చూసుకుంటూ యల్లప్ప ముద్ర ఒక్కటే చూశాను! దాని కింద ఎవరి సంతకం ఉందో ఆలోచనే లేదు. ఏం చేస్తున్నానో తెలియకుండానే లేచి, గుమాస్తాను తోసుకుని, మేజిస్ట్రేటుగారి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను. లాక్కుని గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. కోర్టంతా గుడ్లప్పగించి చూసింది. ధిక్కారం, ధిక్కారం అని వకీలు కేకలు పెట్టాడు. కానిస్టేబులు నా జబ్బ పట్టుకోబోతే, "తాకినావంటే చూడు!" అన్నాను.

శివరామకృష్ణయ్యగారు చెయ్యెత్తి అందరినీ ఆపారు. "పేరు చెప్పమ్మా."

"చెప్పనని మాట ఇచ్చినాను సార్."

"ఆ మాట కోసం ఇతను రెండేళ్ళు లోపలుండాలా?"

బోనులో యల్లప్ప నాకేసే చూస్తున్నాడు, చేతులు కట్టుకుని.

"సరే, ఆయన్నే తీసుకురా," అన్నారు మేజిస్ట్రేటు. "అయిదింటికి కోర్టు లేస్తుంది. అంతవరకు ఈ కేసు పక్కన పెడతాను. ఆ తర్వాత నన్నేమీ అడగొద్దు."

గడియారం పన్నెండు కొట్టింది. నేను పరుగు. చెప్పులు ఒకటి కోర్టు మెట్ల మీద, ఒకటి చేతిలో. బస్సు అప్పుడే పోయిందన్నారు. తుంగభద్ర కాలువ పనికి సిమెంటు తీసుకుపోతున్న లారీ ఒకటి రోడ్డు మలుపులో కనబడింది. దానికి అడ్డంగా పోయి నిలబడ్డాను. డ్రైవరు కిర్రుమని బ్రేకు వేసి తల బయటపెట్టి తిట్టాడు. నేను అంతకు రెండింతలు తిట్టాను. అతని పేరు రామాంజినేయులు. విషయమంతా చెప్పాక, "యల్లప్పంటే ఠాణా కాడ నీళ్ళు మోస్తాండె, ఆయప్పేనా? ఎక్కక్కా, ఎక్కు! మాటలొద్దు," అని తలుపు తెరిచాడు.

ఏం తోలాడండీ ఆ మనిషి! సిమెంటు మూటలు ఎగిరి పడుతున్నాయి, నా పళ్ళు టకటకలాడుతున్నాయి, ఎదురుగాలికి దుమ్మంతా నోట్లోకి. అడ్డమొచ్చిన బండ్లవాళ్ళందరినీ నేనే కిటికీలోంచి అరిచి పక్కకు తోలించాను. "అక్కా, నాకు హారను అక్కరలేదు, నువ్వుంటే చాలు," అన్నాడు రామాంజినేయులు. అంత గాభరాలోనూ నవ్వొచ్చింది. ఒంటిగంటన్నరకు కురుగోడు చేరాం. సిమెంటు దించి వచ్చి ఎక్కించుకుంటానని అతను పోయాడు.

రెడ్ల ఇల్లు పెద్ద రాతి గడప ఇల్లు. అదృష్టం కొద్దీ ఇంద్రసేన వెనక గొడ్ల పాకలోనే ఉన్నాడు. ఒంటికి కండ పట్టింది, ముఖం తేటగా ఉంది. నన్ను చూడగానే అంత మనిషీ బిగుసుకుపోయాడు. గుసగుసగా అంతా చెప్పాను.

"తెలుసు," అన్నాడు.

"ఏంది తెలుసు?"

"యల్లప్పను పట్టుకున్నారని. అమ్మ చెప్పింది."

తెలుసునట! తెలిసి కూడా నెల్లాళ్ళుగా ఇంట్లో కూర్చుని పెరుగన్నం తింటున్నాడు! నా చెయ్యి లేచింది. లాగి కొట్టాల్సిందే. ఎట్లా ఆపుకున్నానో నాకే తెలియదు.

"నేను కోర్టుకొస్తే ఊరంతా తెలుస్తాది జ్ఞానక్కా," అన్నాడు. "ఫిర్యాదు ఇచ్చింది మా అమ్మ. నా కొడుకు హుబ్బళ్ళిలో బేరం చేసొచ్చినాడని అందరికీ చెప్పుకుంటాండాది. ఆమె ముందర ఆ మాట యట్లా చెప్పేది? నువ్వు ఒట్టేసినావు. మరిచిపోవద్దు."

"మరిచిపోతే మీ ముందువాకిట్లోనే నిలబడి అరిచేదాన్ని గదప్పా! ఆ ఒట్టుకే గదా దొంగమాదిరి వెనకవాకిట్లోంచి వచ్చినాను?"

అంతలో యశోదమ్మ మజ్జిగ గ్లాసుతో వచ్చింది. పొట్టిగా, గట్టిగా ఉంది మనిషి. నన్ను కిందికీ మీదికీ చూసి, ఎవరమ్మా నువ్వు, ఏం పనిమీద వచ్చినావు అంది. నాకు అబద్ధం చెప్పడం రాదు. పత్తి గింజల కోసం అన్నాను.

"ఈ కాలంలో పత్తి గింజలా?" అంది.

"ముందుగా చెప్పి పెట్టుకుందామని," అన్నాను.

ఆమె కొడుకు ముఖం చూసింది, నా ఒక్క కాలి చెప్పు చూసింది. మజ్జిగ గడగడా తాగి గ్లాసు ఇచ్చేసి బయటికొచ్చాను. ఒక్కమాట! ఒక్కమాట ఆమెతో అని ఉంటే యల్లప్ప బయటపడేవాడు. లారీ ఎక్కి కూర్చున్నాక కోపంతో ఏడుపొచ్చింది. రామాంజినేయులు ఏమైందని అడిగాడు. తిట్టాను. పాపం, మళ్ళీ అడగలేదు. తిరుగుదారిలో టైరు పగిలి గంటన్నర పోయింది. ఆ ఎండలో జాకీ తిప్పడానికి నేను కూడా చెయ్యేశాను.

కోర్టులో అడుగు పెట్టేసరికి అయిదుకు పన్నెండు నిమిషాలుంది. ఒంటినిండా సిమెంటు, చేతినిండా గ్రీసు. వకీలు నన్ను చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమ్మా, వచ్చారా ఆయన?" అన్నారు శివరామకృష్ణయ్యగారు.

"రాలేదు సార్."

"పేరైనా చెబుతావా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన నిట్టూర్చి కలం తీశారు. కాగితం ముందుకు లాక్కున్నారు. అప్పుడు బోనులోంచి యల్లప్ప గొంతు వినబడింది. ఆ గొంతు కోర్టులో అంతవరకు ఎవరూ వినలేదు.

"అక్కా, చెప్పొద్దు. ఆయప్ప ఇప్పుడిప్పుడే బాగుపడతాండాడు. పదిమందిలో తలొంచుకున్నాడంటే మళ్ళా ఆ మందుకే పోతాడు. నాకు జైలు ఏమన్నా కొత్తా? ఆడ కూడా సాయంత్రం హాజరుంటాది. నిద్ర పడతాది లే."

ఆ మాటకు వచ్చింది నాకు కోపం! ఎవరి మీద కోపమో నాకే తెలియదు. ఇంద్రసేన మీదా, వకీలు మీదా, ఆ పాత జాబితా రాసినవాడి మీదా, చేతులు కట్టుకుని నిద్ర పడుతుందిలే అంటున్న ఈ మహానుభావుడి మీదా! పుస్తకం తెరిచాను. బైబిలు మీద వేసిన ఒట్టు, కొట్టంలో ఉన్నవాళ్ళందరికీ ఇచ్చిన మాట, అన్నీ గుర్తున్నాయి. అయినా నోరు తెరిచాను. నేను చెప్పేసేదాన్ని. అబద్ధమెందుకు? "సార్, ఆ సంతకం..." అన్నాను కూడా.

"నాది," అన్నారెవరో వెనకనుంచి.

వాకిట్లో ఇంద్రసేన! జుట్టంతా రేగి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని, రొప్పుతున్నాడు. అతని వెనకాలే యశోదమ్మ, చెంగు నడుముకు దోపుకుని. వాళ్ళ పాత కారు ఇంజను బయట ఇంకా గురగురలాడుతూనే ఉంది, ఆపడం కూడా మరిచిపోయినట్టున్నారు. నేను ఆ బెంచీ మీద ఎగిరి గంతేశానని తర్వాత గుమాస్తా చెప్పాడు. నాకు గుర్తు లేదు. వేసే ఉంటాను.

ప్రమాణం చేయించారు. కురుగోడు నుంచి సాక్ష్యానికి వచ్చిన కళ్ళం కాపలావాళ్ళు నలుగురూ అక్కడే ఉన్నారు. వాళ్ళ చిన్నరెడ్డి సాక్షి బోనెక్కడం చూసి లేచి నిలబడ్డారు.

"ఆ మంగళవారం సాయంత్రం మీరు ఎక్కడున్నారు?" అన్నారు మేజిస్ట్రేటు.

"ఈమె కొట్టంలో."

"ఏం పని మీద?"

ఇంద్రసేన తల్లివైపు చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. అతను బోను అంచును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నేను మూడేళ్ళుగా నల్లమందు తింటాంటిని సార్. మానిపించుకునేకి పోయినాను. ఆ దినమే పూర్తిగా ఆపేసినారు. దీపాలు పెట్టినాక మొదలైంది. వాంతులు, కాళ్ళు కొట్టుకునేది, చచ్చిపోతాననుకున్నా. పారిపోయి మందు తెచ్చుకునేకి రెండుసార్లు లేచినా. రెండుసార్లూ ఈయప్ప పట్టుకున్నాడు. నేను కొరికినా. చేతిమీద ఉంటాది చూడండి. కోడి కూసేదాకా నా తల ఈయప్ప ఒళ్ళోనే ఉండె. ఒక్క గడియ కూడా లేచిపోల్యా. ఎండిన వాంతి కూడా తన పంచెతోనే తుడిచినాడు."

యల్లప్ప కుడిచెయ్యి చటుక్కున వెనక్కు దాచుకున్నాడు. కొరికినవాడికంటే కొరికించుకున్నవాడికే సిగ్గెక్కువ! మేజిస్ట్రేటుగారు చెయ్యి చూపించమన్నారు. మణికట్టు కింద, పళ్ళ గుర్తులు రెండు వరసలు, మాని నల్లబడ్డాయి.

వకీలు లేచి ఏదో అనబోయాడు. యశోదమ్మ తిరిగి ఒక్క చూపు చూసింది. కోపం నాకొక్కదానికే కాదు లోకంలో ఉండేది. ఆయన కూర్చున్నాడు.

"ఫిర్యాదు ఇచ్చింది నేనే సామీ," అంది ఆమె. "నా కొడుకు హుబ్బళ్ళి నుంచి వచ్చిన దినం మూడేళ్ళలో మొదటిసారి, ఆకలైతాంది అన్నం పెట్టమ్మా అన్నాడు. ఎవురి చేతిమీదనో బాగుపడినాడని నాకు అప్పుడే తెలుసు. ఎవురని అడగల్యా. అడిగితే విరిగిపోతాడేమోనని భయం. ఈ పొద్దు ఈమె వచ్చి, మజ్జిగ తాగి, పత్తి గింజలని చెప్పి పోయినాక, వీడు నా కాళ్ళమీద పడి అంతా చెప్పినాడు." ఆమె బోను దగ్గరికి నడిచింది. ఎవరూ ఆపలేదు. "నా కొడుకు తల ఒళ్ళో పెట్టుకున్నోణ్ణి నేను దొంగని పట్టించినానప్పా. జొన్నలు పద్నాలుగు మూటలని," అని చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ రోజు నేను ఏడ్చాను. మామూలుగా కాదు, ముక్కు చీదుకుంటూ, నవ్వుకుంటూ, గ్రీసు చేతులతో ముఖమంతా పూసుకుంటూ ఏడ్చాను. వాకిట్లో నిలబడి వింటున్న రామాంజినేయులు తన తలగుడ్డ విప్పి ఇచ్చాడు. అది నా ముఖం కంటే మురికిగా ఉంది.

శివరామకృష్ణయ్యగారు చకచకా రాశారు. రాసి కళ్ళజోడు తీసి, యల్లప్పను చూశారు. "నీ మీద కేసు కొట్టేశాను. నువ్వు పోవచ్చు."

యల్లప్ప కదల్లేదు. బోను తలుపు తెరిచారు. అయినా కదల్లేదు. చేతులు అట్లాగే కట్టుకుని ఉన్నాయి.

"పోవచ్చయ్యా," అన్నారాయన మళ్ళీ.

"యాడికి సామీ?"

"నీ ఇష్టం."

"చీటీ?"

"చీటీ లేదు, ఏమీ లేదు. ఆ చట్టం పోయి మూడేళ్ళయింది. నువ్వు ఎక్కడికి పోతున్నదీ ఎవరికీ చెప్పక్కరలేదు. కోర్టు చెబుతోంది."

నేను మూడేళ్ళుగా గొంతు చించుకుని చెప్పిన మాటే అది! నేను చెబితే ఎక్కలేదు. కుర్చీలో కూర్చున్నవాడు చెబితే ఎక్కింది. కోపం రావాల్సింది, ఎందుకో రాలేదు. యల్లప్ప ముందు ఒక చెయ్యి విప్పాడు. తర్వాత రెండోది. రెండు చేతులూ పక్కలకు వేలాడేసి, వాటిని ఏం చేసుకోవాలో తెలియనట్టు చూసుకున్నాడు. బోను దిగాడు. ఇంద్రసేన పక్కగా పోతూ అతని భుజం మీద ఒక్కసారి తట్టాడు. నన్ను దాటాడు, యశోదమ్మను దాటాడు. నడుస్తూనే ఉన్నాడు. నేను వెనకాల పరుగెత్తబోతే మా ఆయన కృపానిధి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, అక్కడే ఉన్నాడు.

వాకిట్లో కానిస్టేబులు అలవాటు కొద్దీ లాఠీ అడ్డం పెట్టాడు.

"ఏయ్, యాడికిరా?"

యల్లప్ప ఆగాడు. ఇరవై ఆరేళ్ళుగా రోజూ అడిగించుకున్న ప్రశ్న. ప్రతిసారీ ఊరు పేరూ, పనీ, తిరిగొచ్చే వేళా తల వంచుకుని అప్పగించిన ప్రశ్న. అతను తల ఎత్తి బయట ఎండలో రోడ్డును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. లాఠీని ఒక వేలితో పక్కకు జరిపాడు.

"ఏమోప్పా," అన్నాడు. "ఇంగా అనుకోల్యా."